బొగ్గు ఓడెక్కే దాకా: టెర్మినల్‌లో కొత్తగా చేరేవాళ్లకు

మా పిన్ని కొడుక్కి ఒడిశా తీరంలో ఒక బొగ్గు టెర్మినల్‌లో యార్డ్ సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. బయల్దేరే ముందు రోజు రాత్రి ముత్తుకూరులో మా మిద్దె మీద కూర్చుని, "అన్నా, పోంగానే ముందు ఏం నేర్చుకోవాల?" అని అడిగాడు. నేను అట్లాంటి రేవుల్లోనే పద్నాలుగేళ్లు షిఫ్టులు చేశాను. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మన వైపు నుంచి ఈ పనిలోకి పోయే పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి వాళ్లకూ పనికొస్తుంది.

కృష్ణపట్నం పక్కన పెరిగాం కాబట్టి బొగ్గు ఓడ నుంచి దిగడం మనకు కొత్త కాదు. ఎక్కించే రేవు తీరు వేరు. తాల్చేరు గనుల బొగ్గు రైల్లో పారాదీప్ చేరి, అక్కడ ఓడెక్కి దక్షిణాది థర్మల్ కేంద్రాలకు వస్తుంది. దించే చోట ఓడ తెచ్చింది మనం తీసుకుంటాం. ఎక్కించే చోట మనం పోసిందాన్ని మోసుకుని ఇరవై మంది దాకా నడిసముద్రంలోకి పోతారు. వేడి బొగ్గు పోసినా, తడి బొగ్గు పోసినా అనుభవించేది వాళ్లు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతా రూల్సన్నీ ఎందుకున్నాయో అర్థమవుతుంది.

చేరిన మొదటి వారం మిషన్ల జోలికి పోకుండా యార్డంతా కాలినడకన తిరగండి. గాలి ఎటు నుంచి వస్తోంది, వాననీళ్లు ఎటు పోతున్నాయి, పక్క ఊరు ఎంత దూరంలో ఉంది, ఈ మూడూ చూసుకోండి. కొత్త టెర్మినల్ కట్టేటప్పుడు కూడా మొదట తేల్చాల్సినవి ఇవే. కుప్పల వరస ఎక్కువగా వీచే గాలి దారికి అడ్డంగా కాక, దాని వెంబడి ఉంటే దుమ్ము తక్కువ లేస్తుంది. కుప్పల మధ్య కాలవలు నల్లనీళ్లను నేరుగా సముద్రంలోకి వదలకుండా ముందు మడ్డి తేరే చెరువులోకి చేర్చాలి. వడియాలు ఎండబెట్టాలంటే గాలి ఎటుందో చూసుకుని మిద్దెక్కే అమ్మలు ఏ బొగ్గు రేవు పక్కనైనా ఉంటారు. నీళ్ల స్ప్రింక్లర్ పనిచేయకపోతే దాన్ని మెయింటెనెన్స్ వాళ్ల పనిలే అని వదిలేయకండి, ఆ షిఫ్టులోనే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి.

లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఒక రేకుకు, అంటే ఒక పూర్తి గూడ్సు రైలుకు, 58 బాక్స్ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్లు అనుకుంటే, సుమారు 3,800 టన్నులు వస్తాయి. పనామాక్స్ ఓడకు (పాత పనామా కాలువలో పట్టే సైజు ఓడ) 70,000 టన్నులు కావాలంటే పద్దెనిమిది, పంతొమ్మిది రేకులు, వ్యాగన్‌ను బోర్లించే టిప్లర్ మిషన్ మీద తిరగబడాలి. ఓడ వచ్చాక రేకుల కోసం ఎదురు చూస్తే డెమరేజ్, అంటే ఓడను ఆపి ఉంచినందుకు జరిమానా, పడుతుంది. అందుకే ఓడ బెర్తుకు (ఓడను కట్టే చోటికి) రాకముందే ఆ సరుకు యార్డులో ఉండాలి. అట్లాగని నెలల తరబడి నిల్వ పెడితే ఇంకో చిక్కు మొదలవుతుంది.

అది వేడి. బొగ్గు గాలిలోని ఆక్సిజన్ పీల్చి లోలోపల వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే పెరిగి పెరిగి నిప్పవుతుంది. పచ్చిదనం ఎక్కువున్న సబ్‌బిటుమినస్ రకం, లిగ్నైటు తొందరగా అంటుకుంటాయి. కుప్ప అంచు వాలులో పెద్ద గడ్డలన్నీ కిందికి దొర్లి చేరతాయి. గాలి ఆ సందుల్లోంచే లోపలికి దూరుతుంది. అందుకని ఎక్కువ రోజులు ఉంచాల్సిన కుప్పను పొరలు పొరలుగా పోసి డోజర్‌తో తొక్కించాలి. ముందు వచ్చిన బొగ్గే ముందు పోవాలి. ఏ కుప్ప ఏ తేదీన పోశారో బోర్డు మీద రాసి ఉండాలి. బోర్డు లేని కుప్ప కనబడితే అనుమానించండి.

వేడిని కనిపెట్టడానికి తెల్లారుజామున, ఇంకా చల్లగా ఉండగానే నడవండి. కుప్ప మీద ఒక్క చోటే సన్నగా ఆవిరి లేస్తుంటుంది. వాన వెలిసిన గంటకు కుప్పంతా తడిగా ఉండి ఒక్క మచ్చ మాత్రం పొడిగా ఆరిపోయి ఉంటుంది. కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. ఈ మూడిట్లో ఏది కనిపించినా టెంపరేచర్ ప్రోబ్ తెప్పించండి. ప్రోబ్ రావడం ఆలస్యమైతే మూడు మీటర్ల ఇనుప చువ్వను అంచు నుంచి లోపలికి దించి, పది నిమిషాలాగి లాగండి. చెయ్యి వెనకభాగాన్ని దగ్గరగా పెట్టి చూడండి, అరచేత్తో మాత్రం పట్టుకోవద్దు. చువ్వ పొడుగునా ఎక్కడ వేడి మొదలైందో దాన్నిబట్టి నిప్పు ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. 55 డిగ్రీల సెల్సియస్ దాటిన బొగ్గును ఓడకెక్కించకూడదని అంతర్జాతీయ నియమం. ఓడల్లో విడిగా పోసే సరుకుల కోసం 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐఎంఎస్‌బీసీ కోడ్ అనే నియమావళిలో ఇది ఉంది. ఓడలోకి బొగ్గు పోసే షిప్‌లోడర్ మిషన్‌ను ఆపమని చెప్పాల్సి వస్తే ఈ అంకె చెప్పండి, మీ మాటకు బలం ఉంటుంది.

నిప్పు దొరికాక చేసే తప్పు ఒకటుంది. నేను చేరిన రెండో ఏడు, ఒక నైట్ షిఫ్టులో, పొగొస్తున్న కుప్ప మీదికి పైనుంచి హోస్ పెట్టి నీళ్లు కొట్టారు. నేనూ పక్కనే ఉన్నాను, వద్దనడానికి నాకు తెలియలేదు. లోపల కణకణలాడే బొగ్గుకు నీళ్లు తగిలి ఆవిరి ఒక్కసారిగా ఎగజిమ్మింది. హోస్ పట్టుకున్న హెల్పర్‌కు మోచేతి దాకా కాలింది. ఆ చెయ్యి నాకు ఇంకా కళ్లముందే ఉంది. సరైన పద్ధతేమిటంటే, నిప్పున్న భాగాన్ని పక్క నుంచి లోడర్‌తో తవ్వి విడదీయాలి, ఖాళీ స్థలంలో అడుగు మందాన పరచాలి, నీళ్లు అప్పుడు చల్లాలి. చల్లారాక కూడా ఆ సరుకును ఒక రోజు విడిగా ఉంచి మళ్లీ కొలవాలి. నిప్పున్న కుప్ప పైకి మనిషి గానీ, మిషన్ గానీ ఎక్కకూడదు. లోపల కాలి బూడిదై డొల్లగా ఉంటుంది, పైన చూస్తే తెలియదు.

తడి సంగతి దీనికి పూర్తిగా వేరు. మెత్తటి బొగ్గుపొడి ఎక్కువగా ఉన్న సరుకులో నీళ్లు ఒక హద్దు దాటితే, ఓడ ఊగుడుకు హోల్డులో (ఓడలో సరుకు పోసే గదిలో) సరుకంతా బురదలా జారి ఒక పక్కకు ఒరుగుతుంది. ఓడ కూడా ఆ పక్కకే ఒరుగుతుంది. అందుకే ఓడకెక్కించడానికి ఒప్పుకునే తేమకు పెట్టిన హద్దును టీఎంఎల్ (ట్రాన్స్‌పోర్టబుల్ మాయిశ్చర్ లిమిట్) అంటారు. బొగ్గు పారడం మొదలుపెట్టే తేమలో 90 శాతాన్ని హద్దుగా పెడతారు. టీఎంఎల్ సర్టిఫికెట్ ఆరు నెలల లోపుది, తేమ పరీక్ష లోడింగ్‌కు ఏడు రోజుల లోపుది ఉండాలి. పరీక్ష చేశాక పెద్ద వాన పడితే ఆ కాగితాన్ని నమ్ముకోకుండా మళ్లీ చేయించండి.

మీ చేతుల్తో మీరు చేసుకోగల పరీక్ష ఒకటుంది, దాన్ని డబ్బా పరీక్ష అంటాం. అర లీటరు నుంచి లీటరు పట్టే గుండ్రటి డబ్బా తీసుకుని సగానికి బొగ్గు నింపండి. గట్టి బల్ల మీద జానెడెత్తు, అంటే సుమారు 20 సెంటీమీటర్ల నుంచి దబ్బున కొట్టండి. సెకనుకో, రెండు సెకన్లకో ఒకటి చొప్పున 25 దెబ్బలు. తర్వాత వెలుతుర్లోకి తెచ్చి పైభాగం చూడండి. తడి మెరుస్తున్నా, బొగ్గు చదునై పేస్టులా కదులుతున్నా లోడింగ్ ఆపి ల్యాబ్‌కు పంపాలి. పొడిగా కనబడినంత మాత్రాన భయం లేదనుకోవద్దు, డబ్బాలో తేలని తేమ కూడా ఉంటుంది. నమూనా కుప్ప పైనుంచి కాకుండా అడుగు నుంచి తీయండి. నీళ్లు చేరేది అక్కడే.

ఓడను బెర్తుకు కట్టాక ఓడ చీఫ్ ఆఫీసర్‌తో కూర్చుని ఏ హోల్డులో ఎన్ని టన్నులు, ఏ వరసలో పోయాలో కాగితం మీద సంతకాలు చేసుకుంటారు. ఆ వరస మీ ఇష్టానికి మార్చకండి. మనం బొగ్గు పోస్తుంటే వాళ్లు బ్యాలస్ట్ నీళ్లు (ఖాళీ ఓడ నిలకడ కోసం నింపుకున్నవి) తోడేస్తుంటారు. రెండూ జత కుదరకపోతే ఓడ నడుము మీద వత్తిడి పడుతుంది. వాళ్ల పంపులు వెనకబడితే మనం ఆగాలి.

చివరి గంటలో కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది బెల్టు లెక్కలో. గంటకు 3,600 టన్నుల వేగమంటే సెకనుకు ఒక టన్ను. యార్డ్ నుంచి ఓడ దాకా బెల్టు కిలోమీటరు పొడుగుండి, సెకనుకు 4 మీటర్లు నడుస్తుంటే, కుప్ప నుంచి బొగ్గు తీసి బెల్టు మీద వేసే రీక్లెయిమర్ ఆపిన తర్వాత కూడా 250 టన్నులు దారిలోనే ఉంటాయి. ఆఫీసర్ "స్టాప్" అన్నాక ఆపితే ఆ 250 టన్నులు ఎక్కడ పోస్తారు? అందుకే మీ బెల్టు పొడుగు, వేగం తెలుసుకుని, ఎన్ని టన్నుల ముందు ఆపాలో లెక్కగట్టి జేబులో పెట్టుకోండి. ఓడను ముందూ వెనకా సమం చేయడానికి పోసే చివరి రెండు పోతల్లో ఈ లెక్క తప్పకూడదు.

ఎంత పోశామో తేల్చేది డ్రాఫ్ట్ సర్వే, అంటే ఓడ నీళ్లలో ఎంత మునిగిందో చూసి బరువు లెక్కగట్టడం. ముందు, మధ్య, వెనక, రెండు వైపులా కలిపి ఆరు చోట్ల నీటిమట్టం చదువుతారు. ఓడ ఒంటి మీద రాసిన అంకె 10 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, దాని అడుగు గీతే కొలత. అలలుంటే పైకీ కిందికీ ఆడే నీటిని పది సార్లు చూసి మధ్యది తీసుకోవాలి. పనామాక్స్ మీద ఒక్క సెంటీమీటరు తేడా వస్తే 65 టన్నుల పైమాటే. నీటి సాంద్రత ఇంకా ముఖ్యం. సముద్రపు నీళ్లు 1.025 ఉంటాయి. మన కండలేరు క్రీకులోకి కార్తీకంలో వాననీళ్లు వచ్చినట్టే, ఏటి మొగల పక్కన కట్టిన రేవుల్లో వానాకాలం నీళ్లు పలచబడతాయి. సరుకుతో కలిపి 85,000 టన్నుల బరువున్న ఓడకు 1.015ని 1.025గా రాస్తే 800 టన్నులకు పైగా తప్పు లెక్క వస్తుంది. కాబట్టి సర్వేయర్ బకెట్ వేసి నీళ్లు తోడేటప్పుడు పక్కనే నిలబడండి. ఓడ నడుము దగ్గర, పై నీళ్లు కాక లోతు నుంచి తీయమనండి, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మీ కళ్లతో చదవండి.

పోత అయ్యాక హ్యాచ్‌లు (హోల్డు మూతలు) మూసేస్తారు. అక్కడి నుంచి ఎవరు ఏం మర్చిపోయినా హోల్డులోకి గానీ, దాని నిచ్చెన దారిలోకి గానీ దిగనివ్వకండి. బొగ్గు అందులోని ఆక్సిజన్‌ను తాగేసి ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. బొగ్గు నుంచి వచ్చే మీథేన్ గాలిలో 5 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఒకడు పడిపోతే కాపాడటానికి ఇంకొకడు దిగి, ఇద్దరూ పోతారు. మా వాడి చేత ఆ రాత్రి రెండు మాటలు చెప్పించుకున్నాను. ఒకటి, గ్యాస్ మీటర్ చూపించి పర్మిట్ కాగితం ఇచ్చే దాకా దిగను. రెండు, పై అధికారి ఎవరు చెప్పినా సరే దిగను. "సరే అన్నా" అని చెప్పి పొద్దున్నే గూడూరు స్టేషన్‌కు పోయి రైలెక్కాడు.