హైబ్రిడ్ బండి ఇప్పుడే కొనాలా, ఆగాలా? తేల్చుకునే పద్ధతి

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా గ్యారేజీకి వచ్చే తెలుగువాళ్లు ఈమధ్య ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, హైబ్రిడ్ ఇప్పుడు తీసుకోమంటావా? రెండేళ్లు ఆగితే ఇంకా మంచిది వస్తుందా?" హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉన్న బండి. రోజూ ఈ బండ్ల కింద పనిచేసేవాడిగా నేను చెప్పేది ఒకటే. రాబోయే టెక్నాలజీ సంగతి తర్వాత. మీ బండి పగలు ఎక్కడ తిరుగుతుందో, రాత్రి ఎక్కడ ఉంటుందో ముందు చూసుకోండి.

ఒక నెలపాటు సిటీ కిలోమీటర్లు వేరుగా, హైవే కిలోమీటర్లు వేరుగా రాసుకోండి. సిల్క్ బోర్డ్, మారతహళ్లి, హెబ్బాళ మీదుగా ఆఫీసుకు పోయేవాళ్లకు స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే మోటారు ఒక్కటే కూడా లాగగల బండి, బాగా కలిసొస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. ట్రాఫిక్‌లో మెల్లగా జరిగేటప్పుడు చాలావరకు మోటారే లాగుతుంది. బ్రేకు తొక్కినప్పుడల్లా వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది. వారం వారం హైవే మీద అనంతపురం, కర్నూలు పోయివచ్చే బండికి ఈ లాభం బాగా తగ్గుతుంది. బ్రేకే పడని చోట బ్యాటరీకి వచ్చేదేముంది?

ఇక డబ్బు లెక్క. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లకు కంపెనీలు చెప్పిన లీటరుకు 27.97 కిలోమీటర్ల మైలేజీ పరీక్షలో వచ్చిన అంకె, మన ట్రాఫిక్‌కు దాన్ని పట్టుకోవద్దు. సిటీలో మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ లీటరుకు 11, హైబ్రిడ్ 20 ఇస్తాయనుకోండి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే దాదాపు 41 లీటర్లు మిగులుతాయి. లీటరు 100 రూపాయలు వేసుకున్నా నెలకు 4,100. రెండు బండ్ల ఆన్‌రోడ్ ధరలో తేడా 2 లక్షలైతే, అది తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. అంతకంటే ముందే బండి మార్చేసే అలవాటుంటే హైబ్రిడ్ వద్దు.

షోరూంలో "స్మార్ట్ హైబ్రిడ్" అంటే జాగ్రత్త. అది మైల్డ్ హైబ్రిడ్ కావచ్చు. అందులో మోటారు ఇంజిన్‌కు సాయం చేస్తుందే తప్ప ఒంటరిగా బండిని లాగదు. టెస్ట్ డ్రైవ్‌లో మెల్లగా పోనిచ్చి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నా చక్రాలు తిరుగుతుంటేనే స్ట్రాంగ్ హైబ్రిడ్.

రాత్రి సంగతికొస్తే, మీ పార్కింగ్ దగ్గర సొంత చార్జింగ్ పాయింటు ఉండి, తిరిగేది సిటీలోనే అయితే నేరుగా ఎలక్ట్రిక్ బండి కొనమంటాను. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను, అంటే ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే హైబ్రిడ్‌ను, రోజూ చార్జింగ్ పెట్టకపోతే పెద్ద బ్యాటరీ బరువు ఊరికే మోసినట్టే. అసోసియేషన్ బేస్‌మెంట్‌లో పాయింటు పెట్టనివ్వకపోతే, ప్లగ్ అవసరం లేని స్ట్రాంగ్ హైబ్రిడే దారి.

ఇప్పుడు ఆగే విషయం. సాలిడ్ స్టేట్ బ్యాటరీ (లోపల ద్రవం బదులు ఘనపదార్థం ఉండే కొత్త రకం) వస్తుందట కదా అని ఆగేవాళ్లున్నారు. కంపెనీలు దాన్ని ముఖ్యంగా ఎలక్ట్రిక్ బండ్ల కోసం తయారుచేస్తున్నాయి. హైరైడర్‌లో ఉన్న బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్, అంత చిన్నదానికి ఆ ఖర్చు పెట్టాల్సిన పని లేదు. 1997లో జపాన్‌లో వచ్చిన టయోటా హైబ్రిడ్ ప్రియస్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉండేది. మన బెంగళూరు దగ్గరి బిడదిలో తయారయ్యే టయోటా ఇన్నోవా హైక్రాస్‌లో ఇప్పటికీ ఆ రకమే. కాబట్టి బ్యాటరీ కోసం ఆగకండి.

నిజంగా మారుతున్నవి పెట్రోలు, పన్నులు. బంకుల్లో ఇప్పటికే 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దాదాపు పూర్తిగా ఇథనాల్‌తో నడవగల హైక్రాస్‌ను టయోటా 2023 ఆగస్టులో ఢిల్లీలో చూపించింది. అందుకే పాత హైబ్రిడ్ కొంటే అది ఈ20కి, అంటే ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు, సరిపోతుందో లేదో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద హైబ్రిడ్లకు జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్‌కు 5. ఉత్తరప్రదేశ్ 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ ట్యాక్స్ మాఫీ చేసింది. అందుకని బుక్ చేసే ముందు ఇక్కడి రోడ్డు ట్యాక్స్ ఎంతో కనుక్కోండి.

కొనే రోజు బూట్ తెరిచి మీ పెద్ద సూట్‌కేసు పెట్టి చూడండి, కొన్ని మోడళ్లలో బ్యాటరీ ఆ చోటు తినేస్తుంది. హైబ్రిడ్ బ్యాటరీకి టయోటా ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అది రెండో ఓనర్‌కు కూడా వర్తిస్తుందని కాగితం మీద రాయించుకోండి. బ్యాటరీకి గాలి పోయే జాలీ ఎక్కడుందో చూపించమనండి. చాలా బండ్లలో అది వెనక సీటు దగ్గరే ఉంటుంది, దానికి బ్యాగు అడ్డం పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే కార్పెట్ ఎత్తి బురద, తుప్పు వెతకండి. 2022 సెప్టెంబర్ వానలకు అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల చాలా బేస్‌మెంట్లు మునిగాయి. ఆరెంజ్ రంగు వైర్లలో హై వోల్టేజ్ ఉంటుంది, శిక్షణ లేని మెకానిక్‌ను వాటి మీద చెయ్యి వేయనివ్వొద్దు, అది ప్రాణాల మీదికి వస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ చెక్ చేయించి, ఆ రిపోర్టు మీ చేతికి వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.