రకరకాల ఇంధనాలు వేసుకునే తక్కువ పొగ పొయ్యి: కొనేముందు చూడాల్సినవి

పొయ్యి మోడళ్లు చూడకముందే, ఏడాది పొడవునా మీ ఇంట్లో ఏ నెలలో ఏం కాలుస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎండాకాలంలో కొమ్మలు, చీల్చిన కట్టెలు. పంట ఇంటికొచ్చాక మొక్కజొన్న కండెలు, పిడకలు. వానల్లో కొన్న పెల్లెట్లో (పొట్టును గట్టిగా అదిమి చేసిన చిన్న గుళికలు), కట్టెబొగ్గులో. పెట్టె మీద 'అన్ని ఇంధనాలకూ' అని రాసి ఉంటే, అవన్నీ అందులో అంటుకుంటాయని మాత్రమే అర్థం చేసుకోవాలి. పెల్లెట్లతో పొగే కనబడని పొయ్యి, పిడకలు వేస్తే మూడు రాళ్ల పొయ్యిలాగే పొగ కక్కవచ్చు. మీ కాగితంలో ఎక్కువ నెలలు కనిపించే ఇంధనం ఏదో, దానికి సరిపోయే పొయ్యే కొనాలి. మిగతావాటిని అది ఎంతవరకు తట్టుకుంటుందన్నది ఆ తర్వాతి మాట.

గ్యాస్, కరెంటు పొయ్యిలంత శుభ్రంగా ఏ కట్టెల పొయ్యీ మండదు. అవి అందుబాటులో ఉంటే రోజువారీ వంట వాటిమీదే చేసుకోవడం మంచిది. కట్టెలో బొగ్గులో తప్పని ఇళ్లలో మాత్రం పొయ్యి ఎంపిక మీదే ఊపిరితిత్తుల సంగతి ఆధారపడి ఉంటుంది.

ముందు గాలి దారులు చూడండి

ఎండు కట్టె బరువులో సుమారు నాలుగింట మూడొంతులు, వేడి తగిలితే వాయువుగా మారిపోయే పదార్థమే. 100 డిగ్రీల దగ్గర తేమ ఆవిరైపోతుంది. సుమారు 250 డిగ్రీలు దాటాక మండే వాయువులు, తారు ఆవిర్లు బయటికి రావడం మొదలవుతుంది. అవి దాదాపు 600 డిగ్రీలు పైబడిన చోట తగినంత గాలితో కలిస్తే పూర్తిగా మండిపోతాయి. గాలి చాలకపోయినా, మండడం పూర్తికాకముందే చల్లటి గిన్నె అడుగు తగిలినా అవే పొగగా, మసిగా మారతాయి. మన కళ్లు మండించే పొగ అంటే కాలకుండా వృథాగా పోయిన ఇంధనమే.

కాబట్టి కట్టెకు గాలి రెండు చోట్ల అందాలి. కింది నుంచి వచ్చే గాలి నిప్పును నిలబెడుతుంది. పైన, మంట లేచేచోట వచ్చే రెండో గాలి ఆ వాయువులను కాలుస్తుంది. ఈ రెండో గాలి వేడెక్కి వస్తేనే పని జరుగుతుంది, చల్లగా వస్తే మంటను ఆర్పేస్తుంది. బొగ్గు సంగతి వేరు. దానిలోని వాయువులు బొగ్గు చేసేటప్పుడే చాలావరకు పోయాయి కాబట్టి దానికి జాలీ కిందనుంచి వచ్చే గాలే ముఖ్యం. కట్టెకు సరిపెట్టిన గాలి దారి బొగ్గుకు సరిపోదు, బొగ్గుకు పెట్టింది కట్టెకు సరిపోదు. నిజంగా రెండింటికీ పనికొచ్చే పొయ్యిలో ఇవి విడివిడిగా ఉంటాయి.

పొయ్యిని వంచి లోపలికి తొంగి చూడండి. మండే గది పై అంచుకు కాస్త దిగువన చుట్టూ చిన్న రంధ్రాల వరుస ఉండాలి. బయటి గోడకూ లోపలి గోడకూ మధ్య ఖాళీ ఉండాలి. గాలి అందులోంచి వేడెక్కుతూ పైకి పోయి ఆ రంధ్రాల్లోంచి వస్తుంది. కింద బూడిద అర దగ్గర ఒక గాలి మూత ఉండాలి. దాన్ని వేలితో జరిపి చూడండి: సాఫీగా కదిలి, వదిలినచోట నిలవాలి. మూసినప్పుడు పూర్తిగా మూసుకోవాలి, లేకపోతే మంట తగ్గించడం మీ చేతిలో ఉండదు.

ఇక జాలీ. బొగ్గు ఎర్రటి సెగతో వేడినిస్తుంది కాబట్టి నిప్పుల పరుపు గిన్నెకు దగ్గరగా, ఐదారు సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. కట్టె మంట లేవడానికి అంతకంటే చాలా ఎక్కువ ఎత్తు కావాలి. అంటే బొగ్గు కోసం పైకి ఎత్తి పెట్టుకునే రెండో జాలీ పొయ్యితో పాటే రావాలి. అది లేని పొయ్యిలో బొగ్గు వేస్తే నిప్పులు అడుగున ఉండిపోతాయి, గిన్నె మాత్రం వేడెక్కదు.

ఏ రకం దేనికి

రాకెట్ పొయ్యిలో మండే గది ఎల్ ఆకారంలో ఉంటుంది. పక్క నోట్లోంచి పుల్లలు అడ్డంగా తోస్తే కొసలు మండి, మంట నిలువు గొట్టంలో పైకి లాగుకుంటుంది. 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం పుల్లలు దీనికి చక్కగా సరిపోతాయి. నోట్లో పుల్లల కింద ఒక రేకు అర తప్పనిసరి, గాలి దానికిందనుంచి పోవాలి. చాలామంది నోరు నిండా పుల్లలు కుక్కేస్తారు. అలా చేస్తే గాలి దారి మూసుకుపోయి మంచి పొయ్యి కూడా పొగలు చిమ్ముతుంది. నోటిలో కనీసం మూడో వంతు ఖాళీగా వదలండి. ఊక, రంపపు పొట్టు ఇందులో పనికిరావు.

పైనుంచి వెలిగించే గ్యాసిఫయర్ పొయ్యిది ఇంకో పద్ధతి. డబ్బాలో ఇంధనం నింపి పై పొరను అంటిస్తారు. నిప్పు మెల్లగా కిందికి దిగుతుంటే, వెలువడే వాయువులు పైనున్న వేడి బొగ్గు పొరలోంచి వచ్చి పై రంధ్రాల దగ్గర మండుతాయి. పెల్లెట్లు, ఒకే సైజు చెక్క ముక్కలు, కొబ్బరి చిప్ప ముక్కలు దీనికి అనువు. ఫ్యాన్ ఉంటే గాలి బాగా కలిసి పొగ ఇంకా తగ్గుతుంది. కట్టెలతో నడిచే పొయ్యిల్లో అన్నిటికంటే తక్కువ కాలుష్యం ఈ రకానిదే, కానీ షరతులున్నాయి. మధ్యలో పైనుంచి కట్టెలు వేయకూడదు, వేస్తే వెంటనే పొగ వస్తుంది. ఫ్యాన్ ఆగితే పరిస్థితి తలకిందులవుతుంది కాబట్టి బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో, ఫ్యాన్ లేకుండా మండుతుందో లేదో అడగండి. వాయువులు అయిపోయి మంట ఆరిపోయాక డబ్బాలో ఎర్రటి బొగ్గు మిగులుతుంది. అప్పుడు పొగ కనబడదు గానీ కార్బన్ మోనాక్సైడ్ అనే, కంటికి కనబడని విషవాయువు వెలువడుతూనే ఉంటుంది. కాబట్టి ఆ బొగ్గును గాలి చొరని మూతతో ఆర్పేయాలి.

పిడకలు, ఊక ప్రధాన ఇంధనమైతే అసలు సమస్య బూడిద. కట్టెలో బూడిద సాధారణంగా 1–2 శాతానికి మించదు. వరి ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. పిడకల్లోనూ బూడిద చాలా ఎక్కువ. అది జాలీ కన్నాల్లో నిండి గాలిని ఆపేస్తుంది. ఇలాంటివారు మంట ఆపకుండానే బూడిద దులుపుకునే కదిలే జాలీ, లోతైన బూడిద అర ఉన్న పొయ్యి చూసుకోవాలి. గడ్డి, ఆకుల బూడిద ఎక్కువ వేడికి కరిగి గట్టి పెచ్చులుగా జాలీకి అతుక్కుంటుంది. రోజూ చల్లారాక గీరి తీసేయాలి.

ముడి నేలబొగ్గును ఏ ఇంటి పొయ్యిలోనూ వాడకండి. దానిలో గంధకం, ఆర్సెనిక్, పాదరసం, ఫ్లోరిన్ లాంటివి ఉండొచ్చు, పొయ్యి ఎంత మంచిదైనా వాటిని కాల్చి మాయం చేయలేదు. ఇంట్లో ముడి నేలబొగ్గు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ కూడా అంతే.

పరీక్ష నివేదిక అడగండి

వంట పొయ్యిలను ల్యాబులో పరీక్షించే పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) వారి 19867-1 ప్రమాణం చెబుతుంది. 2018లో వచ్చిన, అదే 19867 వరుసలోని మూడో భాగం ఫలితాలను 0 నుంచి 5 దాకా స్థాయిలుగా విడదీస్తుంది. అంకె పెరిగే కొద్దీ మేలు. గిన్నెకు చేరిన ఒక్కో మెగాజౌల్ వేడికి సన్నటి ధూళి 218 మిల్లీగ్రాముల లోపుంటే మూడో స్థాయి, 62 లోపుంటే నాలుగు, 5 లోపుంటే ఐదు. కార్బన్ మోనాక్సైడ్‌కు అవే స్థాయిలు 7.2, 4.4, 3 గ్రాములు. ఇంధనంలోని వేడిలో ఎంత గిన్నెకు చేరిందన్నది 30 శాతమైతే మూడు, 40 అయితే నాలుగు, 50 అయితే ఐదు.

నివేదికలో రెండు వరుసలు ముందు వెతకండి: ఏ ఇంధనంతో పరీక్షించారు, ఆ ఇంధనంలో తేమ ఎంత. పెల్లెట్లతో నాలుగో స్థాయి వచ్చిందంటే ఆ మాట పెల్లెట్లకే చెల్లుతుంది. మీరు కాల్చేది కట్టెలైతే కట్టెల నివేదిక చూపించమనాలి. అది లేకపోతే కట్టెల విషయంలో వాళ్లు చెప్పేదానికి ఆధారం లేనట్టే. ఒక్కో లక్షణానికి స్థాయి వేరుగా ఉంటుంది కాబట్టి, వేడి విషయంలో నాలుగో స్థాయి అని చెప్పి ధూళి గురించి మాట్లాడకపోతే గుచ్చి గుచ్చి అడగండి. నా లెక్కలో ధూళి స్థాయిదే మొదటి చూపు.

పెద్ద మంట దగ్గరే కాక చిన్న మంట దగ్గర కూడా ఫలితాలు చూడాలి. చాలా పొయ్యిలు పూర్తి మంట మీద బాగానే ఉంటాయి, సెగ తగ్గించగానే పొగలోకి దిగుతాయి. వంటలో చాలా సమయం చిన్న సెగదే.

సైజు లెక్క

25 డిగ్రీల నీళ్లు 5 లీటర్లు మరగడానికి సుమారు 1570 కిలోజౌళ్లు కావాలి. 20 నిమిషాల్లో మరగాలంటే, 40 శాతం వేడి గిన్నెకు చేరే పొయ్యికి 3.3 కిలోవాట్ల మంట చాలు. అంటే గంటకు దాదాపు 800 గ్రాముల ఎండు కట్టె. ఇంటికి అంతకుమించి పెద్దది కొంటే ఎప్పుడూ గాలి నొక్కిపెట్టి వాడాల్సివస్తుంది, పొగ అక్కడే పుడుతుంది. కాస్త చిన్నదే మేలు.

గిన్నె పొయ్యి అంచు మీద నేరుగా కూర్చోకూడదు. గిన్నె నిలబెట్టే ముక్కుల వల్ల చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు సందు మిగలాలి. సందు మరీ తక్కువైతే మంట ఉక్కిరిబిక్కిరై పక్క నోట్లోంచి పొగ వెనక్కి తంతుంది, మరీ ఎక్కువైతే వేడి పక్కలనుంచి పోతుంది. మీ గిన్నెలు తీసుకెళ్లి పెట్టి చూడడం ఉత్తమం.

తేమ, ఇంట్లో చేసుకునే పరీక్ష

తడి కట్టెతో ఏ పొయ్యీ మంచిది కాదు. నీరు ఆవిరవడానికి పోయే వేడి కంటే, మంట చల్లబడి వాయువులు కాలకపోవడమే పెద్ద నష్టం. చీల్చిన కట్టె ముక్క ఒకటి తూచండి. వంద డిగ్రీలు కాస్త దాటిన ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 250 గ్రాములది 210 అయితే తేమ 16 శాతం, బాగుంది. 20 శాతం దాటితే ఇంకా ఎండాలి. తేమ మీటర్లు సాధారణంగా ఎండిన బరువు మీద లెక్కగడతాయి కాబట్టి అదే కట్టెకు 19 చూపిస్తాయి, కంగారుపడొద్దు. మీటరు సూదులు మాత్రం కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి, పైబెరడు మీద గుచ్చితే తక్కువ చూపుతుంది.

కొన్నాక ఈ పరీక్ష చేయండి. రెండున్నర లీటర్ల నీళ్లు, తూచిన ఎండు కట్టెలు, తూకపు యంత్రం సిద్ధం చేసుకోండి. నీళ్లు తెరలగానే పుల్లలు బయటికి లాగి ఆర్పి, మిగిలినవి తూచండి. 175 గ్రాముల దరిదాపుల్లో ఖర్చయితే దాదాపు 30 శాతం వేడి గిన్నెకు చేరినట్టు. 350 నుంచి 520 గ్రాములు పట్టిందంటే 10–15 శాతమే, అది మూడు రాళ్ల పొయ్యి తీరు. తర్వాత గిన్నె అడుగును తెల్ల బట్టతో తుడవండి. దట్టంగా నల్లగా అంటితే గాలి చాలడం లేదు. తెల్ల పొగ ఎడతెగకుండా వస్తుంటే కట్టె తడిగా ఉందనో, పొయ్యి ఇంకా వేడెక్కలేదనో అర్థం. వెలిగించిన మొదటి కొద్ది నిమిషాల పొగ ఏ పొయ్యికైనా ఉంటుంది, వీలైతే అప్పటిదాకా బయటపెట్టి లోపలికి తెచ్చుకోండి.

పొగగొట్టం, కార్బన్ మోనాక్సైడ్

పొగగొట్టం పొగను తగ్గించదు, బయటికి పంపుతుంది. అయినా ఇంట్లోవాళ్లకు అది పెద్ద రక్షణ. గొట్టం కప్పు దాటిన చోటనుంచి దాదాపు 90 సెంటీమీటర్లు లేవాలి, మూడు మీటర్ల లోపున్న గోడ, కప్పు అంచుల కంటే 60 సెంటీమీటర్లు ఎత్తుండాలి. లేకపోతే గాలివాటుకు పొగ వెనక్కి వస్తుంది. మలుపులు ఎంత తక్కువైతే అంత మంచిది. విప్పి తుడుచుకునే మూత లేని గొట్టం కొనకండి. లోపల మసి పేరుకుంటే లాగుడు తగ్గి పొగ వంటగదిలోకే వస్తుంది.

బొగ్గు దగ్గర అసలు ప్రమాదం, పొగ లేదు కదా అన్న ధీమా. ఎర్రటి బొగ్గులోంచి గాలి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. నిప్పుల మీద చిన్న చిన్న నీలి మంటలు కనిపిస్తే అది పైన కాలిపోతున్నట్టు. బూడిద కప్పుకుని నీలి మంట లేకుండా ఎర్రగా ఉంటే కాలకుండా గదిలో చేరుతున్నట్టు. కిటికీలు మూసి బొగ్గుల పొయ్యి పెట్టుకుని పడుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఒకటి, మనం గాలి పీల్చే ఎత్తులో గోడకు బిగించండి.

లోహం, విడిభాగాలు

మొదట పాడయ్యేది మండే గది లోపలి గోడ. మామూలు ఇనుప రేకు అంత వేడికి పెచ్చులుగా రాలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, పోత ఇనుము లేదా సిరామిక్ లోపలి గది ఉండాలి. సిరామిక్‌ను వేలితో తట్టండి. గంట కొట్టినట్టు మోగితే మంచిది, బొంగురుగా ఉంటే పగులు ఉన్నట్టు. వేడి సిరామిక్ మీద నీళ్లు చల్లితే పగుళ్లు వస్తాయి. నిండు గిన్నె పెట్టి పొయ్యిని అంచు దగ్గర మెల్లగా తోసి చూడండి, తూలేలా ఉంటే పిల్లలున్న ఇంటికి వద్దు. లోపలి గది, జాలీ, ఫ్యాన్, బ్యాటరీ విడిగా దొరుకుతాయో లేదో డబ్బు కట్టకముందే అడిగి, ఆ మాట రసీదు మీద రాయించుకోండి.