లెక్కతో నిర్ణయం – 5వ పాఠం: చిన్న కంపెనీ స్పోర్ట్ క్రాసోవర్ చేయాలా?

పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ క్రాసోవర్ (కాస్త ఎత్తుగా, ఎస్‌యూవీలా కనిపించే కారు), ఇంజను 1200 సీసీ లోపు, ఎక్స్‌షోరూమ్ ధర 11,80,000. జీఎస్టీ 18 శాతం. పన్ను తీసేస్తే ఎంత? ఈ రోజు నేరుగా స్పోర్ట్ వెర్షన్ లెక్కలోకి దిగుదామనుకున్నాను. మీ జవాబులు చూశాక అది కుదరదని అర్థమైంది. సగం మందికి పైగా 9,67,600 అని రాశారు. సరైన జవాబు 10,00,000.

పెనుకొండ దగ్గర విడిభాగాల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసే అబ్బాయి ఒకడు షిఫ్ట్ రిజిస్టర్ కాగితం వెనకవైపు లెక్క వేసి ఫొటో పంపాడు. అక్షరం పొందికగా ఉంది. 11,80,000లో 18 శాతం 2,12,400 అని వేసి, తీసివేసి, కింద రెండు గీతలు కొట్టాడు. గుణకారం తప్పు లేదు, తీసివేత తప్పు లేదు. 18 శాతం దేని మీద తీయాలో అక్కడే తప్పింది. మీలో చాలామంది చేసిందీ అదే. కాబట్టి దీన్ని నిదానంగా చెబుతాను. ఇది సరిగ్గా పట్టుబడకపోతే ఇకముందు వేసే ప్రతి లెక్కా తప్పుతుంది.

జీఎస్టీ వేసేది పన్ను లేని ధర మీద. పది లక్షల మీద 18 శాతం, అంటే 1,80,000 కలిపితే 11,80,000 అయింది. వెనక్కి వచ్చేటప్పుడు 11,80,000 మీద 18 శాతం తీస్తే, పన్ను మీద కూడా పన్ను తీసినట్టు. వెనక్కి రావాలంటే 1.18తో భాగించాలి.

మన జిల్లాలో దీనికి శనక్కాయల కంటే మంచి ఉదాహరణ లేదు. వంద కిలోల కాయ మిల్లుకు వేస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది, 30 కిలోలు పొట్టు పోతుంది. ఇప్పుడు ఎవరైనా 70 కిలోల పప్పు చూపించి, ‘దీనికి ఎంత కాయ పట్టింది?’ అని అడిగితే 70 మీద 30 శాతం కలిపి 91 కిలోలు అంటారా? ఏ రైతూ అనడు. 70ని 0.70తో భాగించి వంద అంటాడు. కాయ మీద తీసిన శాతం వేరు, పప్పు మీద కలిపే శాతం వేరు. కారు ధర కూడా అంతే. ఎక్స్‌షోరూమ్ ధర కాయ, పన్ను లేని ధర పప్పు, పన్ను పొట్టు. తేడా ఒక్కటే: ఇక్కడ శాతం చెప్పేది పప్పు మీద.

ఇంకో రెండు చూడండి. ధర్మవరంలో 10,500 రూపాయల పట్టుచీర, పన్ను 5 శాతం. 1.05తో భాగిస్తే 10,000. తప్పు పద్ధతిలో 9,975. తేడా 25 రూపాయలు, అందుకే కొట్లో ఎవరికీ పట్టింపు ఉండదు. అదే 40 శాతం పన్ను పడే కారు తీసుకోండి. ధర 14 లక్షలు. భాగిస్తే 10 లక్షలు. తప్పు పద్ధతిలో 8,40,000. తేడా 1,60,000! ఒక్కో కారు మీద కంపెనీకి మిగిలేదే సుమారు లక్ష అనుకుని కింద లెక్క వేయబోతున్నాం. మన తప్పు ఆ మిగులు కంటే పెద్దదైపోయింది. శాతం పెరిగే కొద్దీ ఈ తప్పు ముదురుతుంది.

జవాబు సరిపోయిందా అని చూడటానికి ఎవరినీ అడగక్కర్లేదు. వచ్చిన అంకెను మళ్ళీ 1.18తో గుణించండి. 9,67,600ని గుణిస్తే 11,41,768 వస్తుంది, 11,80,000 రాదు. అర నిమిషం పని. ఇకనుంచి ఈ తిరుగు గుణకారం పక్కన లేని జవాబు నేను దిద్దను.

నలుగురైదుగురు ఆన్‌రోడ్ ధరతో మొదలుపెట్టారు. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కంపెనీకి రావు. ఎక్స్‌షోరూమ్ ధరే తీసుకోండి.

ఇక ఈ రోజు పాఠం. ఎన్ని కార్లు చేసినా మారనిది స్థిర వ్యయం, కారు కారుకూ పడేది చర వ్యయం. ఆ తేడా రెండో పాఠంలో అయిపోయింది, మళ్ళీ వివరించను. ప్రశ్న ఇది: ఏడాదికి 40,000 కార్లు అమ్మే చిన్న కంపెనీ, తన కాంపాక్ట్ క్రాసోవర్‌లో ఒక స్పోర్ట్ వెర్షన్ తేవాలా? కింది అంకెలన్నీ నేర్చుకోవడానికి నేను అనుకున్నవి, ఏ కంపెనీవీ కావు. నోట్‌బుక్‌లో లక్షల్లో, కనీసం రెండు దశాంశాలతో రాసుకోండి. నేను మొదటిసారి ఎక్సెల్‌లో వేయనివ్వను. చేత్తో రాస్తేనే ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంటుంది.

ఇప్పుడున్న టాప్ వేరియంట్: ధర 11.80, పన్ను లేకుండా 10.00, డీలర్ వాటా 0.50, కంపెనీ చేతికి 9.50, కారుకయ్యే చర వ్యయం 8.50. కంట్రిబ్యూషన్, అంటే చర వ్యయం పోగా ఒక్కో కారు మీద కంపెనీకి మిగిలేది, 1.00 లక్ష.

మొదటి దారి: ఉన్న 1.2 టర్బో ఇంజనే. ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ట్యూనింగ్, గట్టి స్ప్రింగులు, పెద్ద బ్రేకులు, ఎగ్జాస్ట్, బంపర్లు మారుస్తారు. ధర 12.98. 1.18తో భాగిస్తే 11.00. డీలర్‌కు 0.55 పోగా 10.45. చర వ్యయం 9.05. కంట్రిబ్యూషన్ 1.40. ఒకేసారి పెట్టే ఖర్చు 18 కోట్లు: ట్యూనింగ్, బంపర్ అచ్చులు, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి చోట్ల చేయించుకోవాల్సిన అనుమతి పరీక్షలు. ఏడాదికి 3,000 చొప్పున మూడేళ్ళలో 9,000 కార్లు పోతాయనుకుందాం.

ఇక్కడ చాలామంది 9,000ని 1.40తో గుణించి 126 కోట్లు, 18 పోగా 108 కోట్లు లాభం అని రాస్తారు. కానీ కొన్నవాళ్ళందరూ కొత్తవాళ్ళేమీ కాదు. ఈ వెర్షన్ లేకపోయినా మీ టాప్ వేరియంటే కొని ఉండేవాళ్ళు అందులో ఎక్కువమంది ఉంటారు.

ఇది మా ఇంట్లోనే చూశాను. మా తమ్ముడి కొడుకు కారు కొనడానికి వెళ్ళినప్పుడు నన్నూ పిలిచాడు. టాప్ వేరియంట్ తీసుకోవాలని ఇంట్లోనే తేల్చుకుని వచ్చాడు. షోరూములో పక్కనే నిలబెట్టిన స్పోర్ట్ వెర్షన్ చక్రం పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, చువ్వల సందులోంచి ఎర్ర బ్రేక్ కాలిపర్ మీద వేలు పెట్టి, ‘పెద్దనాయనా, నాకు ఇదే కావల్ల’ అన్నాడు. అదే తీసుకున్నాడు. ఆ కంపెనీ లెక్కల్లో అతను స్పోర్ట్ వెర్షన్ తెచ్చిపెట్టిన కస్టమర్. నిజానికి అతను ఎలాగూ వాళ్ళ మనిషే. అతని వల్ల అదనంగా వచ్చింది రెండు వేరియంట్ల కంట్రిబ్యూషన్ల మధ్య తేడా మాత్రమే.

కాబట్టి 9,000ని రెండుగా విడదీయండి. ఇటునుంచి అటు మారినవాళ్ళు 7,000 అనుకుందాం. వాళ్ళ వల్ల అదనం 0.40 చొప్పున 28 కోట్లు. వేరే కంపెనీ కారు మానుకుని వచ్చినవాళ్ళు 2,000. వాళ్ళ వల్ల 1.40 చొప్పున 28 కోట్లు. మొత్తం 56 కోట్లు, 18 పోగా 38 కోట్లు. 108 కాదు. అయినా బాగానే ఉంది. అమ్మకాలు మూడో వంతుకు పడిపోయి 3,000 కార్లే పోతే? మారినవాళ్ళు 2,300, కొత్తవాళ్ళు 700 అనుకుంటే 9.2, 9.8 కలిపి 19 కోట్లు. పెట్టుబడి గట్టెక్కుతుంది. ఇలా పడిపోయినా నిలబడే లెక్కనే నేను ఒప్పుకుంటాను.

రెండో దారి: బయటి నుంచి 1.5 టర్బో ఇంజను, కొత్త గేర్‌బాక్సు. కుర్రవాళ్ళు కోరేది ఇదే. కానీ ఇక్కడ పన్ను గీత దాటుతాం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పటి నుంచి ఈ గీత ఉంది. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండాలి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. కారు పొడవు ఒక్క మిల్లీమీటరు మారకపోయినా, ఇంజను మారితే చాలు, అటు పడిపోతాం.

ధర 16.10 పెట్టారనుకోండి. 1.40తో భాగిస్తే 11.50. డీలర్ వాటా 0.575 పోగా 10.925. చర వ్యయం 10.10. కంట్రిబ్యూషన్ 0.825. ఇక్కడ కాసేపు ఆగి చూడండి. కస్టమర్ మామూలు కారు కంటే 4.30 లక్షలు ఎక్కువ కడుతున్నాడు. అందులో 2.80 పన్నుకే పోయింది. కంపెనీకి మిగిలేది మామూలు కారు మీద మిగిలే లక్ష కంటే కూడా తక్కువ. అంటే మారిన ప్రతి మనిషి వల్లా కంపెనీకి 17,500 నష్టం. ఒకేసారి పెట్టే ఖర్చు 120 కోట్లు అనుకుంటే, 9,000 మందీ కొత్తవాళ్ళే అయినా వచ్చేది 74.25 కోట్లు. పైగా ఆ ధరకు కొనేవాడికి పెద్ద కార్లు ఎదురుగా ఉంటాయి. హ్యుందాయ్ క్రెటా స్పోర్ట్ వెర్షన్ ఎన్ లైన్ 2024 మార్చిలో 160 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) టర్బోతో వచ్చినప్పుడు దాని ప్రారంభ ధర 16.82 లక్షలు.

బయట జరిగినవి చూస్తే ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. 2022లో వచ్చిన వెన్యూ ఎన్ లైన్‌లో 998 సీసీ ఇంజను మామూలు వెన్యూ టర్బోదే. అదే 120 పీఎస్, అదే 172 ఎన్ఎమ్ టార్క్ (తిప్పే బలం). మార్పులు సస్పెన్షన్, స్టీరింగ్, ఎగ్జాస్ట్ లాంటి వాటిలోనే. ‘స్టిక్కర్ వేసి అమ్మారు’ అని తిట్టేవాళ్ళున్నారు. నేను తిట్టను, అది మన మొదటి దారే. అదే ఏడాది మహీంద్రా ఎక్స్‌యూవీ300 టర్బోస్పోర్ట్ 1197 సీసీలోనే 130 పీఎస్‌కు చేరి, 230 ఎన్ఎమ్ ఇచ్చింది. గీత దాటకుండా శక్తి పెంచవచ్చనడానికి అది చాలు.

ఫియట్‌ది వేరే కథ. 2015లో అవెంచురా క్రాసోవర్‌కు తన స్పోర్ట్ విభాగమైన అబార్త్ ఇంజను పెట్టింది. 1.4 టీ-జెట్, 140 బీహెచ్‌పీ. ఆ ఇంజను కొత్తదేమీ కాదు, 2010 నుంచే లీనియా టీ-జెట్ అనే తన కారులో ఇక్కడ అమ్ముతూ వచ్చింది. అంటే చేతిలో ఉన్న ఇంజనే వాడారు. కారు నాలుగు మీటర్ల లోపే. కానీ ఇంజను 1368 సీసీ, గీత దాటింది. రెండు షరతుల్లో ఒకటే తీరింది. ఫియట్ మన దేశంలో కార్లు ఆపేయడానికి ఇదే కారణమని నేను అనను. కానీ అమ్మకాలు తక్కువగా ఉన్న కంపెనీ అలాంటి పన్ను మోయడం ఎంత కష్టమో ఇప్పుడు మీ నోట్‌బుక్కే చెబుతుంది.

టాటా, కోయంబత్తూరు జయేమ్ కలిసి 2018లో తెచ్చిన టియాగో, టిగోర్ జేటీపీలు క్రాసోవర్లు కావు, అయినా ఒక సంగతి కోసం చెబుతున్నాను. ఇంజను 1.2 టర్బో, 114 పీఎస్. రెండు షరతులూ తీరాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే ఉద్గారాల (పొగ) నియమం వచ్చింది, జేటీపీలు దానికి మారలేదు. ఉద్గారాల నియమం మారితే ప్రత్యేక వెర్షన్‌కు పరీక్షల ఖర్చు మళ్ళీ పడుతుంది. మామూలు కారు ఆ ఖర్చును లక్షల బళ్ళ మీద పంచుకుంటుంది, స్పోర్ట్ వెర్షన్‌కు పంచుకోవడానికి వేలే ఉంటాయి. ఒకేసారి పెట్టే ఖర్చు అని పేరేగాని, రెండోసారి కూడా రావచ్చు. దీన్ని లెక్కలో రాయండి.

మన మొదటి దారికి దగ్గరగా సరిపోయేది మాత్రం జపాన్ మాజ్డా. మన 40,000 కార్ల కంపెనీ కంటే చాలా పెద్దదే, కానీ పెద్ద కంపెనీల పక్కన చిన్నదే. 2016లో సీఎక్స్-9 అనే పెద్ద బండి కోసం 2.5 లీటర్ల టర్బో చేసింది. తర్వాత అదే ఇంజనును సీఎక్స్-5లో పెట్టింది, 2021 మోడల్ నుంచి చిన్న సీఎక్స్-30లోనూ పెట్టింది. మంచి పెట్రోల్ పోస్తే 250 హార్స్‌పవర్. దానికోసం మాజ్డాస్పీడ్ అనే పాత స్పోర్ట్ పేరును మళ్ళీ తేలేదు. ఇంజను ఖర్చు పెద్ద బండి అప్పటికే మోసింది. అదే 280 పీఎస్ కోనా ఎన్ చేయాలంటే హ్యుందాయ్ అంత కంపెనీ కావాలి.

‘పేరు వస్తుంది సార్, షోరూముకు జనం వస్తారు’ అని ఇద్దరు రాశారు. నిజమే కావచ్చు. ఎంతమంది వస్తారో అంకె రాయగలిగితే కొత్తవాళ్ళలో కలపండి. రాయలేకపోతే వదిలేయండి. చిన్న కంపెనీలో ఇంజనీర్లూ కొద్దిమందే. వాళ్ళు ఆరు నెలలు స్పోర్ట్ వెర్షన్ మీద కూర్చుంటే అసలు కారు మార్పులు ఆలస్యమవుతాయి. అది మాత్రం ఎవరూ రాయలేదు.

కాబట్టి నా జవాబు: చేతిలో ఉన్న ఇంజనుతో, 1200 సీసీ దాటకుండా, అదే బాడీతో అయితే చేయవచ్చు. ఇంజను కొని గీత దాటాలంటే చిన్న కంపెనీ చేయకూడదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, రెండు సాయంత్రాలు పడుతుంది.

మొదటి దారి కారే, కానీ కస్టమర్లు 12.98 కట్టలేమంటున్నారు. ధర 12.39కి తగ్గించారు. డీలర్ వాటా పన్ను లేని ధరలో 5 శాతం, చర వ్యయం 9.05 అలాగే ఉంది. మూడేళ్ళలో 9,000 కార్లే. మొదటి ఖర్చు 18 కోట్లు, రెండో ఏడాది నియమం మారి ఇంకో 11 కోట్లు. నష్టం రాకుండా ఉండాలంటే 9,000లో కనీసం ఎంతమంది కొత్తవాళ్ళు కావాలి? ముందు మారినవాళ్ళ వల్ల వచ్చే తేడా కనుక్కోండి, దాని గుర్తు ప్లస్సో మైనస్సో చూసుకోండి. తర్వాత ఊళ్ళో ఏవైనా మూడు షోరూములకు వెళ్ళి, ఒక్కో కాంపాక్ట్ క్రాసోవర్‌కు పొడవు, సీసీ, ఎక్స్‌షోరూమ్ ధర రాసుకుని, అది గీతకు ఏ వైపు ఉందో, పన్ను లేని ధర ఎంతో, పక్కన తిరుగు గుణకారంతో సహా పంపండి.