మృగశిర రాకముందే టెన్నిస్, స్క్వాష్ కోర్టుల దగ్గర చూసుకోవలసినవి

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో ఆ ఎండలకు సింథటిక్ కోర్టు మీది రంగు కూడా పగులుతుంది. వెంట్రుకంత సన్నగా కనిపించే ఆ పగుళ్లలోకే తొలి వాననీళ్లు దిగుతాయి. నైరుతి రుతుపవనాలు సాధారణంగా దక్షిణం వైపు నుంచే తెలంగాణలోకి వస్తాయి కాబట్టి పాలమూరు, నల్లగొండ వాళ్లకు తీరిక ఇంకా తక్కువ. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. మే నెల ఈదురుగాలులు అంతవరకు కూడా ఆగవు.

ఏటా ఈ సమయంలో మా క్లబ్బులో అందరూ కోర్టు రంగు గురించి, కొత్త నెట్టు గురించి మాట్లాడతారు. నేను మాత్రం ముందు కరెంటు గురించే మాట్లాడతాను. కారణం ఉంది. రెండేళ్ల కిందట తొలి వాన వెలిసిన సాయంత్రం, కోచింగ్‌కు వచ్చే పదేళ్ల పాప కంచె పక్కకు దొర్లిన బంతి తీసుకోబోయి ఫ్లడ్‌లైటు స్తంభానికి చెయ్యి ఆనించింది. "అంకుల్, స్తంభం కుట్టింది" అని ఏడుస్తూ వచ్చింది. చీమో కందిరీగో కుట్టి ఉంటుందనుకున్నాం. మాలి అనుమానంతో టెస్టర్ పెట్టి చూస్తే దీపం వెలిగింది. మెయిన్ ఆపి తవ్వించాం. కేబుల్‌ను ఎలుకలు కొరికేశాయి. మామూలు టేపు చుట్టి వదిలేసిన జాయింటు నీళ్లలో నానుతోంది. ఆ పాప కాళ్లకు పొడి బూట్లు ఉండబట్టి బతికిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే వానలకు ముందు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్రతి స్తంభాన్నీ విడివిడిగా పరీక్షించాలి. నేలలో జాయింట్లు ఉంటే తీయించి, స్తంభం మీద నేలకు ఎత్తుగా, నీరు చొరని పెట్టెలో పెట్టించాలి. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. దానికి నీళ్లు పోయించి, నిరోధం ఎంత ఉందో మీటరుతో కొలిపించాలి. లైన్ల మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా ఉండాలి. కరెంటు ఎక్కడ కారినా రెప్పపాటులో సరఫరాను తెంచేది అదే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కినా పడిపోకపోతే ఆ పరికరం ఉన్నా లేనట్టే. ఎవరికైనా షాక్ తగిలితే వాళ్లను ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. ఆ మెయిన్ ఎక్కడుందో మాలికి, కోచ్‌కే కాదు, ఆడటానికి వచ్చే ప్రతి పిల్లవాడికీ చూపించాలి.

పిడుగుల విషయంలో పెద్దవాళ్లే మొండిగా ఉంటారు. "ఈ ఒక్క గేమ్ అయిపోనీ" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో! టెన్నిస్ కోర్టు అంటే చుట్టూ ఇనుప కంచె, మూలల్లో ఎత్తయిన స్తంభాలు, మధ్యలో రాకెట్ పైకెత్తిన మనిషి. మెరుపు కనిపించాక లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 30 సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. అంటే ఊరి పక్కనున్న ఉదయసముద్రం చెరువు మీద మెరిసినా సరే, ఆట ఆపవలసిందే. చివరి ఉరుము విన్న తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా కోర్టులోకి దిగకూడదు. వేపచెట్టు కింద, రేకుల పందిరి కింద నిలబడకూడదు. గోడలు, తలుపులు ఉన్న స్క్వాష్ హాలులోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల సమాచారం చూపిస్తుంది. కోచ్‌లందరూ దాన్ని ఫోనులో పెట్టుకోవాలి.

కంచెకు కట్టే ఆకుపచ్చ గుడ్డ గాలిలో తెరచాపలా ఉబ్బుతుంది. గట్టి ఇనుప తీగతో కట్టారంటే గుడ్డ చినగదు, కంచె స్తంభమే వంగుతుంది. తేలికైన ప్లాస్టిక్ కట్లతో కట్టండి. పెద్ద గాలికి అవి తెగిపోతే తెగిపోనివ్వండి. గాలివాన సూచన ఉన్న రోజున విప్పి చుట్టి పెట్టడం ఇంకా మంచిది. నెట్టును కూడా రాత్రిళ్లు వదులు చేసి ఉంచితే లోపలి ఉక్కు తాడు మీద భారం తగ్గుతుంది.

ఇక కోర్టు. చుట్టూ వదిలే ఖాళీతో కలిపి కోర్టు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉంటుంది. దాని మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 17 వేల లీటర్ల నీళ్లు చేరతాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైనే. అన్ని నీళ్లూ అంచున ఉన్న కాలువలోకే పోవాలి. ఆ కాలువ నిండా ఇప్పుడు వేపాకు, పిల్లలు పారేసిన ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయి. ముందు అవి తీయించండి. కోర్టుకు పది అడుగులకు ఒక అంగుళం చొప్పున ఒకవైపు వాలు ఉంటే మంచిది. వాలు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి గొట్టంతో కోర్టు తడిపి, గంట ఆగి చూడండి. నీళ్లు నిలిచిన చోట రూపాయి బిళ్ల వేయండి. బిళ్ల మునిగితే అక్కడ గుంట ఉన్నట్టే. దాని చుట్టూ సుద్దతో గీత గీసి, ఆరిన తర్వాత ప్యాచ్ వేయించాలి. పగుళ్లు పూడ్చడం, రంగు వేయడం పొడి వాతావరణంలోనే జరగాలి. ఉదయం పూట చేయించండి. మా రెండో నంబరు కోర్టుకు ఈ ఏడాది ఆ పని ముగిసింది. మూడో నంబరుకు ఇంకా మొదలే కాలేదు. జూన్‌లోకి జారితే దసరా దాటేదాకా ఆగవలసి వస్తుంది. నీడ పడే మూలల్లో పాచి పట్టకుండా వారానికోసారి మెత్తటి బ్రష్షుతో కడగాలి. బ్లీచింగ్ పౌడర్ వాడితే దానిలో యాసిడ్ కలపనివ్వకండి, విషవాయువు పుడుతుంది.

మట్టి కోర్టు సంగతి వేరు. వాన వెలిసిన వెంటనే రోలర్ లాగితే మట్టి దానికే అంటుకుని పెళ్లలుగా లేస్తుంది. మడమతో నొక్కి చూడండి. అచ్చు పడుతూ, బూటుకు మట్టి అంటకపోతే అదే రోలర్ తిప్పవలసిన అదను.

స్క్వాష్ కోర్టుకు పైకప్పు ఉంది కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో వానాకాలం ఎక్కువగా దెబ్బతీసేది దాన్నే. 32 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పున్న ఆ చెక్క నేల గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. గోడల అంచున వదిలిన సన్నని ఖాళీ అందుకే. అందంగా లేదని దాన్ని పుట్టీతో పూడిస్తే చెక్కలు పైకి లేస్తాయి. తడి గుడ్డతో తుడవకండి, పొడి తుడుపే చాలు. మెరుపు కోసం వార్నిష్ పూయించకండి, చెమట చుక్క పడితే చాలు కాలు జారుతుంది. ముసురు పట్టిన రోజుల్లో చల్లటి గోడకు తేమ తగిలి చెమ్మ పడుతుంది. అప్పుడు బంతి గోడకు తగిలి కిందికి జారిపోతుంది, ఆటగాడి మోకాలు మెలిపడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. అయినా గోడ ఆరకపోతే ఆ రోజు ఆట రద్దు. బయట నడిచిన బూట్లతో లోపలికి రాకూడదు, ఒక్క ఇసుక రేణువు చెక్కను గీసేస్తుంది. పైకప్పు రేకుల మేకుల దగ్గర, వాననీటి గొట్టం మొదట్లో కారుతుందేమో ఇప్పుడే నీళ్లు పోసి చూడండి. తొలి వానకు ఉసిళ్లు లేస్తాయి. అవి రెక్కలొచ్చిన చెదలే. ఆ రాత్రి హాలులో దీపాలు ఆర్పి, మర్నాడు గోడ మొదట్లో మట్టి గీతల కోసం వెతకాలి.

స్టోరు గదిలోకి చెయ్యి పెట్టే ముందు టార్చి వేయండి. పాత నెట్లు, గోనె సంచుల కింద కట్లపాము, రక్తపింజర చేరతాయి. కాటు పడితే గాయం కోయకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కాటు పడిన చేతినో కాలినో కదలనివ్వకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. డెంగీ దోమ ఎక్కువగా నిలిచిన శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది కాబట్టి ఖాళీ బంతి డబ్బాలు, పాత టైర్లు, కూలర్లు వారానికోసారి బోర్లించాలి.

మెయిన్ స్విచ్ పక్కన రెండు నంబర్లు ఎర్ర రంగుతో రాయించండి: అంబులెన్సుకు 108, కరెంటు ఫిర్యాదుకు 1912. మా క్లబ్బులో వాటిని రాసింది ఆ పాప తండ్రే.