ఇన్‌హేలర్‌లో మందు ఉందా? చలికాలానికి ముందు చూసుకోవలసినవి

దీపావళి పొగ మొదలు సంక్రాంతి మంచు తగ్గేదాకా ఉబ్బసం ఉన్నవారికి గడ్డుకాలమే. ఈ రోజుల్లో అర్ధరాత్రి ఆయాసం ముంచుకొచ్చి ఇన్‌హేలర్ అందుకున్నప్పుడు అందులో మందు లేకపోవడం ప్రమాదకరం. మందు లేదన్న సంగతి అప్పుడు కూడా తెలియకపోవడం మరింత ప్రమాదకరం. మందు అయిపోయిన తర్వాత కూడా, నొక్కితే తుంపర వస్తూనే ఉంటుంది.

నొక్కి పీల్చే ఇన్‌హేలర్‌లోని లోహపు డబ్బాలో మందుతో పాటు దాన్ని బయటికి నెట్టే వాయువు కూడా ఒత్తిడి వల్ల ద్రవరూపంలో ఉంటుంది. లేబుల్ మీద రాసిన చివరి పఫ్ వరకూ సరైన మోతాదు అందాలని తయారీదారులు కొంత అదనంగానే నింపుతారు. అందువల్ల 200 పఫ్‌ల సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఆ లెక్క దాటాక కూడా అదే చప్పుడుతో, అదే చల్లదనంతో పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కాని ఒక్కొక్క పఫ్‌లో మందు ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఊపి చూసినా తెలిసేదేమీ లేదు, లోపల కదిలేది మందును నెట్టడానికి నింపిన ద్రవంలో మిగిలిపోయినదే కావచ్చు.

డబ్బాను నీళ్లలో వేసి, మునిగితే నిండుగా ఉందనీ తేలితే ఖాళీ అయిందనీ నమ్మే పద్ధతిని ఇకనైనా మానేయాలి. డబ్బా పరిమాణాన్ని బట్టి, లోపలి వాయువును బట్టి అది తేలే తీరు మారిపోతుంది. పైగా నీరు కవాటంలోకి చేరితే మంచి ఇన్‌హేలర్ కూడా పాడవుతుంది.

నమ్మదగినది లెక్క ఒక్కటే. ఇంకా ఎన్ని పఫ్‌లు మిగిలాయో అంకెల్లో చూపే డోస్ కౌంటర్ ఉన్న ఇన్‌హేలర్ దొరికితే దాన్నే అడిగి తీసుకోండి. కౌంటర్ లేనిదైతే, రోజూ వాడే కంట్రోలర్‌కు లెక్క సులువు: 120 పఫ్‌ల ఇన్‌హేలర్‌ను పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్‌ల చొప్పున వాడితే 30 రోజులకు పూర్తవుతుంది కనుక, మొదలుపెట్టిన రోజే అది ముగిసే తేదీని ప్లాస్టిక్ తొడుగు మీద రాసి పెట్టుకోవచ్చు. అవసరమైనప్పుడు మాత్రమే వాడే రిలీవర్‌కు ఇలా కుదరదు. దాని అట్టపెట్టె మీదనో, ఫోన్‌లోనో పఫ్ పఫ్‌కూ ఒక గీత పెట్టుకోవాలి. కొత్తదాన్ని తెరిచినప్పుడు, చాలా రోజులు వాడకుండా మళ్లీ తీసినప్పుడు గాలిలోకి వదిలే పఫ్‌లను కూడా ఆ లెక్కలో చేర్చాలి. పిల్లల బడి సంచిలో ఉండే ఇన్‌హేలర్‌కు, ఇంట్లోదానికి లెక్కలు వేరువేరుగా ఉండాలి. లెక్క తప్పిపోయిందనిపిస్తే సందేహించకుండా కొత్తది తెచ్చుకోవడమే మేలు.

ఈ గీతలు మరో సంగతి కూడా చెబుతాయి. ఏడాదిలో 200 పఫ్‌ల రిలీవర్లు మూడు లేదా అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే ఉబ్బసం అదుపులో లేదని, తీవ్రంగా తిరగబెట్టే ముప్పు పెరిగిందని అర్థం. అప్పుడు మరో డబ్బా కొనుక్కుని ఊరుకోకుండా డాక్టరును కలిసి చికిత్సను సరిచేయించుకోవాలి.

పొడి మందు వాడేవారి పద్ధతి వేరు. క్యాప్సూల్ పెట్టి పీల్చే రకంలో, పీల్చిన తర్వాత తెరిచి చూస్తే పొడి మిగిలిందో లేదో కనిపిస్తుంది. మిగిలితే మళ్లీ పీల్చాలి. తేమ తగిలితే పొడి ముద్దకడుతుంది కనుక క్యాప్సూల్‌ను వాడే నిమిషం వరకూ ప్యాకింగ్‌లోంచి తీయకూడదు. తిప్పి పీల్చే టర్బుహేలర్‌ను ఊపినప్పుడు వినిపించే గలగల తేమను పీల్చే పదార్థానిది, మందుది కాదు.

పండుగకు ఊరెళ్లేవారు రెండో ఇన్‌హేలర్, దానికి తగిలించి మందు పీల్చే గొట్టం లాంటి స్పేసర్ వెంట ఉంచుకోవాలి, గడువు తేదీ కూడా చూసుకోవాలి. డాక్టరు చెప్పిన పఫ్‌లు తీసుకున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట పూర్తిగా రాకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇన్‌హేలర్ ఖాళీయా కాదా అని పరీక్షిస్తూ కూర్చునే సమయం కాదది.

అయిపోయిన ఇన్‌హేలర్‌ను కొత్తదాని పక్కన ఉంచితే చీకట్లో చేతికి అదే దొరకవచ్చు కనుక ఆ రోజే వేరుచేయాలి. ఖాళీ అనుకున్న డబ్బాలోనూ ఒత్తిడి మిగిలే ఉంటుంది. వేడికి అది పేలుతుంది కాబట్టి దాన్ని పగలగొట్టకూడదు, పాత సామానుతో కలిపి భోగిమంటలో అసలే వేయకూడదు.