ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్‌కి జీఐ షీటు పెట్టె: కోత, వంపు, వెల్డింగ్

ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ అంటే గాలిని చల్లబరిచి భవనంలోకి పంపే యంత్రం, జీఐ అంటే జింకు పూసిన ఇనుప షీటు. షీటు మందం 1.2 మి.మీ., వంపు 90 డిగ్రీలు, వంపు లోపలి వ్యాసార్థం కూడా దాదాపు అంతే అనుకుందాం. 600 మి.మీ. వెడల్పు ప్యానెల్‌కి రెండు వైపులా 25 మి.మీ. అంచులు కావాలంటే బయటి కొలతల మొత్తం 650. అంతకే కోస్తే ప్యానెల్ పెద్దదైపోతుంది, ఎందుకంటే వంపు దగ్గర లోహం సాగుతుంది. వంపుకు సుమారు 2 మి.మీ. చొప్పున తగ్గించి 646కి కోయాలి. అయినా ముందు ఒక తుక్కు ముక్క వంచి కొలవండి. డై (షీటును వంచే అచ్చు) మారితే లెక్కా మారుతుంది.

రంధ్రాలన్నీ వంచకముందే వేయాలి. వంపు గీతకు 5 మి.మీ. లోపు ఉంటే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది.

అడుగు ఫ్రేమ్‌ని టాక్ వెల్డ్‌లతో (అక్కడక్కడా వేసే చిన్న వెల్డ్‌లు) నిలిపి రెండు కర్ణాలూ కొలవండి, సమానమయ్యాకే పూర్తి వెల్డింగ్. వెల్డ్ పడేచోట జింకు పూత గ్రైండ్ చేయాలి. లేదంటే వెల్డ్‌లో గాలి బొక్కలు వస్తాయి, జింకు కాలి లేచే తెల్లపొగ పీలిస్తే జ్వరమూ వస్తుంది. తర్వాత జింక్ రిచ్ పెయింట్ వేయండి. పలుచటి ప్యానెళ్లు వేడికి మెలితిరుగుతాయి, వాటికి రివెట్లే మేలు.

లోపల కారే నీటిని పట్టే ట్రే స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, డ్రెయిన్ వైపు మీటరుకు 10 మి.మీ. వాలు. రాగి గొట్టం షీటును దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) తప్పనిసరి: తడిలో రాగి తగిలితే జింకు పూత త్వరగా తినుకుపోతుంది.