క్లాసు, ఆబ్జెక్టు: మొదటి ఏడాదికి పైథాన్ ల్యాబ్ ఎలా నడపాలి

క్లాసు అంటే డేటానీ, దానిమీద పనిచేసే ఫంక్షన్లనీ (మెథడ్లు) కలిపిన నమూనా; దాన్నుంచి తయారయ్యే ఒక్కోటీ ఆబ్జెక్టు. ఇన్హెరిటెన్స్‌ని, అంటే ఒక క్లాసు లక్షణాలు ఇంకో క్లాసుకి రావడాన్ని, మొదటి రెండు వారాలు బోర్డు దాకా రానివ్వకండి. జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణ కూడా వద్దు; కాపాడుకోవాల్సిన డేటా అందులో ఏమీ ఉండదు. మెట్రో కార్డు తీసుకోండి: డేటాగా నంబరు, బ్యాలెన్సు; రీఛార్జి, ప్రయాణం అనే రెండు మెథడ్లు. బ్యాలెన్సు చాలకపోతే ప్రయాణం కుదరదు. ఎన్‌క్యాప్సులేషన్ (డేటాని మెథడ్ల ద్వారానే మార్చడం) ఎందుకో చెప్పడానికి ఈ షరతు చాలు.

ముందు క్లాసు లేకుండానే, నంబర్లు ఒక లిస్టులో, బ్యాలెన్సులు ఇంకో లిస్టులో పెట్టి రాయించండి. మధ్యలో ఒక కార్డు తీసేయమనండి. రెండో లిస్టులో తీయడం మరిచినవాళ్లకు ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది. క్లాసు చూపించాల్సింది అప్పుడే.

తర్వాత రిఫరెన్స్: పేరులో ఉండేది ఆబ్జెక్టు కాదు, దాన్ని చూపే బాణం. ఎ ఒక కార్డు అనుకోండి. ‘బి = ఎ’ అని రాసి, బి కార్డుకి 100 రీఛార్జి చేస్తే ఎ బ్యాలెన్సు ఎంత? రన్ చేసేముందే జవాబు కాగితం మీద రాయించండి, పెట్టెలు బాణాలు గీయించండి. ఇక్కడ తొందరపడొద్దు.

ఎక్కువగా వచ్చే తప్పులు: రీఛార్జి మెథడ్ నిర్వచనంలో సెల్ఫ్ (మెథడ్‌ని ఏ ఆబ్జెక్టు మీద పిలిచామో దాని పేరు) మరిస్తే, ఆర్గ్యుమెంటు ఒకటి ఎక్కువైందని టైప్‌ఎర్రర్ వస్తుంది, మెథడ్‌ని పిలిచేటప్పుడు చుక్కకు ముందున్న ఆబ్జెక్టే ఆ అదనపుది. ఇనిట్‌లో (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు దానంతటదే నడిచే మెథడ్) సెల్ఫ్ లేకుండా బ్యాలెన్సు రాస్తే అది లోకల్ వేరియబుల్, మెథడ్ ముగియగానే పోతుంది; తర్వాత సెల్ఫ్ ద్వారా అడిగితే అట్రిబ్యూట్‌ఎర్రర్. ప్రయాణాల లిస్టుని ఇనిట్‌లో కాకుండా క్లాసులో నేరుగా పెడితే ఎర్రరే రాదు, కానీ అన్ని కార్డులకీ ఒకే చరిత్ర కనిపిస్తుంది. దీన్ని మాత్రం మీరే కావాలని చేసి చూపించండి.